పిడతపురం పేరు పుట్టిన బండి

పిడతపురం గడియారస్తంభం దగ్గర కొత్తమనిషి ఎవరైనా నిలబడి దారి అడిగితే చాలు, నూకరాజుకి ఆ పూట తిన్నది అరిగినట్టే. కొత్తగా బదిలీ అయి వచ్చిన బ్యాంకు మేనేజరు చేత పోస్టు డబ్బాని ఊరి దేవతని చెప్పి, దాని ముందు చెప్పులు విడిపించాడు. స్తంభం మీద గడియారం ఎప్పుడు ఆగిందని అడిగిన ఒక పెళ్లివారికి, అది ఆగలేదని, ఈ ఊళ్లో టైమే అంతని చెప్పి, వాళ్ల చేత చేతివాచీలు కూడా తిప్పించాడు. చదువు సంగతి ఎత్తితే, ఆరో తరగతి రెండుసార్లు చదివాను కాబట్టి నాది పన్నెండు అనేవాడు.

అతని బతుకుతెరువు పిడత కింద పప్పు. బండి మీద మరమరాలు, వేయించిన పప్పు, వేరుశనగ గుళ్లు కుప్పగా పోసి, నడినెత్తిన నిప్పులున్న చిన్న మట్టి పిడతని కూర్చోబెడతాడు. ఆ వేడికి కింద ఉన్నది కరకరలాడుతూ ఉంటుంది. అందులోంచి గుప్పెడు తీసి ఉల్లిపాయ ముక్కలు, కారం, నిమ్మరసం కలిపి కాయితం పొట్లంలో పోసి ఇస్తాడు. పాతికేళ్లుగా అదే బండి, అదే మూల. ఆ బండే నూకరాజునీ, అతని భార్య సూరమ్మనీ పోషిస్తోంది.

ఇలా ఉండగా ఆ ఏడు సర్కారు వారికి ఊళ్ల పేర్ల మీద ప్రేమ పుట్టింది. ఊరన్న తర్వాత పేరుండాలి, పేరన్న తర్వాత దానికో పుట్టుక ఉండాలి, పుట్టుక అన్న తర్వాత సర్టిఫికెట్టు ఉండాలి అని రాజధాని నుంచి ఉత్తర్వు దిగింది. అరవై రోజుల్లో నామమూల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు పెట్టుకోని ఊరికి పేరు రద్దు. పేరుకి బదులు ఒక నంబరిస్తారు. పిడతపురానికి నూటపధ్నాలుగు అనే నంబరు ముందే కేటాయించి పక్కన పెట్టారు కూడా. పొరుగూరు వాళ్లు చురుకైనవాళ్లు. ఒక మహర్షిని పట్టుకుని, ఆయన తమ ఊళ్లో తుమ్మాడని నిరూపించి, పదో రోజుకే పత్రం తెచ్చేసుకున్నారు.

మన మున్సిపల్ కమిషనరు పరాంకుశరావు గారు నిబంధన తప్పని మనిషి. ఆయన మాట్లాడితే చివర సంతకం, స్టాంపు కూడా వినపడేవి. ఆయన ఊళ్లో పెద్దవాళ్లని పిలిపించి వాంగ్మూలాలు తీసుకున్నారు. మొదట వచ్చినవాడు కుమ్మరి చిట్టెయ్య. ఎనభై ఏళ్ల మనిషి. నూకరాజు బండికి పిడతలు చేసిచ్చేది ఆయనే.

"పూర్వం ఇక్కడ మూడొందల కుమ్మరి గడపలుండేయండి. పిడతలు సేసేవోళ్లం. అందుకని పిడతపురం అన్నారు. ఇందులో అడగడానికేవుందండీ," అన్నాడు చిట్టెయ్య.

కమిషనరు గారు దరఖాస్తు ఫారం పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ చూశారు. అందులో గడులు నాలుగు: మహాపురుషుడు, సంఘటన, తిథి, స్థలం.

"తాము చెప్పినది వాస్తవం కావచ్చును. కాని ఈ ఫారములో వాస్తవమునకు గడి లేదు," అన్నారాయన. చిట్టెయ్యకి టీ ఇప్పించి పంపేశారు.

అలా యాభై ఏడు రోజులు గడిచాయి. యాభై ఎనిమిదో రోజు సాయంత్రం నాలుగింటికి రికార్డు గుమస్తా త్రిమూర్తులు ఆ ఫారాన్ని చంకలో పెట్టుకుని, ముఖం వేలాడేసుకుని నూకరాజు బండి దగ్గరికి వచ్చాడు. ఈ త్రిమూర్తులు ముప్పై ఏళ్ల సర్వీసులో ఒకే ఒక్క నియమం పాటించినవాడు. జనం చెప్పింది చెప్పినట్టు రాయడం. అక్షరం కలపడు, అక్షరం తీసేయడు. ఒకసారి ఒకావిడ వచ్చి, మా వీధి కుక్కలు నా మాట వినడం లేదని పిటిషనిస్తే అలాగే రాశాడు. పదిహేను రోజులకి కుక్కలకి నోటీసు వెళ్లింది.

పొట్లం నములుతూ త్రిమూర్తులు తన గోడు చెప్పుకున్నాడు. ఎల్లుండి దాటితే మనందరం నూటపధ్నాలుగువాళ్లం అయిపోతాం నూకరాజూ, అన్నాడు. నూకరాజు నిమ్మకాయ పిండుతూ ఆగాడు. అతని ఎడమ కన్ను కొంచెం చిన్నదయింది. ఊళ్లోవాళ్లు ఎవరైనా ఆ కన్ను చూసుంటే అక్కణ్ణుంచి లేచిపోయేవాళ్లు. త్రిమూర్తులు పప్పు మీద ధ్యాసలో ఉండి చూడలేదు.

"ఊరికి పేరెలా వొచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసండి. తవరు అడగలేదు గాబట్టి నేను సెప్పలేదు," అన్నాడు నూకరాజు.

త్రిమూర్తులు కలం తీశాడు.

ఆరొందల ఏళ్ల కిందట ఒక రాజు సైన్యంతో వస్తూ ఇక్కడ దారి తప్పాడట. పుష్యమాసం, తెల్లారగట్ట, ఒణికించే చలి. రాజుగారి పళ్లు టకటకలాడుతుంటే ఏనుగు కూడా భయపడి ఆగిపోయిందట. అప్పుడు నూకరాజు తాతకి తాతకి తాత ఇలాగే బండి పెట్టుకుని ఉన్నాడట. రాజుగారు దిగి, రెండు చేతులూ పిడత మీద పెట్టి కాచుకుని, ఒక పొట్లం తిని, "ఈ పిడత ప్రాణం నిలబెట్టింది, ఈ ఊరు పిడతపురం" అన్నాడట.

"రాజుగారి పేరు?"

నూకరాజు ఎదురుగా ఉన్న మంగలి షాపు బోర్డు చూశాడు. "త్రివిక్రమరాజుగారండి. గెడ్డం మాత్రం ఉండేది కాదు."

"పేరు పెట్టిన స్థలం?"

"ఇంకెక్కడండీ. నా బండి దగ్గరే."

ఇంకొకడైతే గడియారస్తంభం సెంటరు అని రాసుకునేవాడు. త్రిమూర్తులు నియమం తప్పలేదు. స్థలం అన్న గడిలో 'నూకరాజు బండి' అని గుండ్రంగా రాసి, కింద గీత కొట్టాడు.

ఫారం కమిషనరు గారి బల్ల మీదికి వెళ్లింది. నాలుగు గడులూ నిండి ఉన్న ఫారం చూసి చాలా రోజులైంది కాబట్టి ఆయన లోపల ఏముందో చదవకుండా సంతకం చేశారు. రాజధానిలో కూడా గడులే లెక్కపెట్టారు. పదకొండో రోజుకి పత్రం వచ్చేసింది.

ఆ ఆదివారం గడియారస్తంభం దగ్గర పండగే పండగ. బ్యాండు మేళం, షామియానా, అరటి బోదెలు. నూకరాజు మెడలో దండ వేసి, 'వంశపారంపర్య స్థల సంరక్షకుడు' అని బిరుదిచ్చి, శాలువా కప్పారు. అంత పెద్ద అబద్ధం అంత పెద్ద స్టేజీ ఎక్కడం అతనికి ఇదే మొదలు. కడుపులో నవ్వు ఆపుకోలేక దండలో మొహం దాచుకున్నాడు. జనం అది ఆనందబాష్పాలు అనుకున్నారు. చివర్లో కమిషనరు గారు స్వయంగా బండికి ఒక ఇత్తడి బోర్డు బిగించారు. నూకరాజు దాన్ని కూడబలుక్కుంటూ చదివాడు.

'నగర నామమూల స్థలము. దీని నుండి నూరు మీటర్ల లోపు అమ్మకము, కొనుగోలు, పొగ, గుంపు నిషేధము. సంరక్షకుడు తప్ప అన్యులు దీనిని తాకరాదు, కదల్పరాదు.'

అతను ఆఖరి ముక్క చదివేలోపే జనం చప్పట్ల మధ్య ఫైరాఫీసు వాళ్లు వచ్చి, పిడతలో చెంబెడు నీళ్లు పోశారు. నిప్పులు సుయ్యిమన్నాయి. నూకరాజు నవ్వు కూడా దాంతోనే ఆరింది.

ఇంటికెళ్లాక సూరమ్మ శాలువాని నాలుగు మడతలు పెట్టి పీట మీద పడేసింది.

"ఊరికి పేరెట్టావు, బానే ఉంది. మన పొయ్యి మీద ఎసరెవరెడతారు?" అంది.

మర్నాడు నూకరాజు మున్సిపల్ ఆఫీసుకి పోయి నిజం ఒప్పేసుకున్నాడు. అంతా నేను కల్పించిందేనండి, రాజూ లేడు, ఏనుగూ లేదు, బోర్డు ఊడదీయించండి అన్నాడు. కమిషనరు గారు కోపగించుకోలేదు. కుర్చీ చూపించారు.

"తమ మొదటి వాంగ్మూలము ధ్రువీకరింపబడినది. ఇప్పటిది కాలేదు. రాజుగారు రాలేదని తాము అంటున్నారు గనుక, వారు ఎక్కడికి రాలేదో, ఏ తిథిన రాలేదో ఇదే ఫారములో నింపి, వారు రాకపోవుటను కళ్లారా చూచిన డెబ్బయి అయిదేండ్లు దాటిన వ్యక్తిని సాక్షిగా ప్రవేశపెట్టండి."

నూకరాజు పరుగున పోయి చిట్టెయ్యని తీసుకొచ్చాడు.

"రాజు రావడం నువ్వు సూశావా తాతా? అయ్యగారితో సెప్పు," అన్నాడు.

"లేదండి. మా తాత కూడా సూల్లేదు. మేం పొద్దుగూకులూ కుమ్మరిసారె ముందే కూకుంటాం గదండీ, తలెత్తితే కుండ వంకరొచ్చేత్తది."

"అనగా, తమ వంశీయులు తల ఎత్తరు," అన్నారు కమిషనరు గారు. "తల దించుకొని ఉండగా రాజుగారు వెళ్లియుండవచ్చును."

త్రిమూర్తులు అది అలాగే రాశాడు. ఫైల్లో రాజుగారికి ఇంకో సాక్షి పెరిగాడు. సంరక్షకుడి హోదాలో ఉన్నవాడు ఇంకో బండి గానీ, ఇంకో వ్యాపారం గానీ పెట్టుకోకూడదని కూడా ఆ సందర్భంగానే నూకరాజుకి తెలిసింది.

అయినా అతను ఆశ వదల్లేదు. నిషేధం గడియారస్తంభానికే కదా, బండిని బస్టాండుకి తోసుకుపోతే సరి అనుకున్నాడు. తెల్లారి పిడతలో కొత్త నిప్పులు వేసుకుని బస్టాండు చేరేసరికి, వెనకే త్రిమూర్తులు కొలతల టేపు పట్టుకుని, ముగ్గుపిండి సంచీ మోసుకుంటూ వచ్చాడు. ఫైల్లో స్థలం బండి అని ఉంది. బండి ఎక్కడుంటే స్థలం అక్కడే. చుట్టూ నూరు మీటర్లు కొలిచి, ముగ్గుపిండితో గీత గీశాడు. గీత లోపల పడ్డ సోడా కొట్టు, అరటిపళ్ల బండ్లు, టిక్కెట్ల కిటికీ అన్నీ మూతపడ్డాయి. బస్సెక్కబోతున్న జనం గుంపు కిందికి వస్తారు కాబట్టి వాళ్లని అయిదుగురు చొప్పున విడదీసి నిలబెట్టారు. బస్సు పొగ కిందికి వచ్చింది. దాన్ని తోసుకుంటూ గీత దాటించారు.

సోడా కొట్టాయన వచ్చి నూకరాజుకి చేతులెత్తి దండం పెట్టాడు. మీరు గొప్పోళ్లు, మీ వంశం గొప్పది, దయచేసి ఇక్కణ్ణుంచి తగలడండి అన్నాడు.

బట్టల బజారుకి పోతే షట్టర్లు దిగాయి. సినిమాహాలు దగ్గరికి పోతే ఆట ఆగింది. వారం తిరిగేసరికి పిడతపురంలో నూకరాజు బండి చక్రాల కిర్రుమన్న చప్పుడు వినపడితే చాలు, వీధి వీధంతా తలుపులు వేసుకునేది. జోకు వేద్దామన్నా ఎదట మనిషి లేడు. పాతికేళ్లలో మొదటిసారి నూకరాజు రెండు రోజులు వరసగా నిజాలే మాట్లాడాడు. సూరమ్మకి అప్పుడు భయం వేసింది. డబ్బాలో పప్పు మెత్తబడిపోతోంది. మొగుడు అంతకంటే మెత్తబడిపోతున్నాడు.

ఆ సోమవారం పొద్దున్న ఆమె బోర్డుని చింతపండు పెట్టి తోముతూ, చదవడం రాకపోయినా దాని వైపు చాలాసేపు చూసింది.

"దీన్ని నువ్వు తప్ప ఇంకెవరూ కదపకూడదన్నారు గదా?"

"అన్నారు."

"అది ఎక్కడుంటే అక్కడ అందరూ మూసుకోవాలి గదా?"

"మూసుకుంటున్నారు గదే, సూడ్డం లేదా?"

"మరి మూయించినోళ్లనే మూయించొచ్చు గదా. దాన్ని తీసుకెళ్లి ఆఫీసు గుమ్మంలో ఎట్టు."

నూకరాజు ఎడమ కన్ను చాలా రోజుల తర్వాత మళ్లీ చిన్నదయింది.

పదిన్నరకి ఆఫీసు తెరిచేటప్పటికి బండి గుమ్మానికి అడ్డంగా ఉంది. నూకరాజు దాని పక్కన శాలువా కప్పుకుని, సంరక్షకుడిలాగే కూర్చున్నాడు. త్రిమూర్తులు టేపు తీశాడు. అతనికి వేరే పని చేతకాదు. కొలిచాడు, గీశాడు. పన్ను కట్టే కిటికీ గీత లోపల పడింది. పొగ వచ్చే క్యాంటీను లోపల పడింది. నలభైమంది ఉద్యోగులు గుంపయ్యారు. కమిషనరు గారి గది, గదిలో కమిషనరు గారు, అంతా లోపలే.

ఆయన బయటికి వచ్చి గీతని చూశారు. బండిని తీసెయ్యమని అరవలేదు. తాకడానికి ఆయనకి అధికారం లేదు.

"నా ఉత్తర్వు నాకును వర్తించును," అని, తన కుర్చీ తనే ఎత్తుకుని నడిచారు. నూటొకటో మీటరు దగ్గర చేపల మార్కెట్టు ఉంది. ఆఫీసంతా అక్కడికి మారింది. ఫైళ్లు ఐసు పెట్టెల మీద పెట్టారు. పుట్టిన సర్టిఫికెట్లు రొయ్యల తట్టల పక్కన పంచారు. ఆ రోజుల్లో పిడతపురంలో పుట్టిన పిల్లల కాయితాలు ఈనాటికీ పిల్లులకి దూరంగా దాచుకోవాలి.

మూడో వారం చివర కమిషనరు గారు నూకరాజుకి కబురు పెట్టారు. ఆయన తిరగేసిన చేపల గంప మీద కూర్చుని ఉన్నారు. కోటు జేబులోంచి ఒక ఎండురొయ్య తొంగిచూస్తోంది.

"నూకరాజు గారూ, తమ అభ్యర్థన ఏమి?" అన్నారు. 'గారు' అనడం అదే మొదలు.

"నా మూల నాకు, నా నిప్పులు నాకు ఇప్పించండి. ఇంకేం వొద్దండి."

"ఉత్తర్వు రద్దు చేయవచ్చును. చేసిన యెడల పేరు కూడా రద్దగును. రేపటి నుండి మనము నూటపధ్నాలుగు."

నూకరాజుకి కళ్ల ముందు తన బండి, దాని మీద 'నూటపధ్నాలుగు పిడత కింద పప్పు' అన్న అక్షరాలు కనిపించాయి. చిట్టెయ్య తాతలు మూడొందల గడపల్లో తలెత్తకుండా చేసిన పిడతలన్నీ కలిసి ఒక నంబరు అయిపోతాయి. సరదాకి ఎన్ని అబద్ధాలు ఆడినా ఊరి పేరు పోగొట్టేంత మనిషి కాడు అతను. తలొంచుకుని నిలబడిపోయాడు.

అప్పుడు త్రిమూర్తులు గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్లలో అతను పై అధికారికి సొంతంగా సలహా ఇచ్చింది అదొక్కసారే అంటారు.

"సార్, చెప్పింది తుడవడానికి వీల్లేదు. కానీ ఇంకా చెబితే రాసుకోవచ్చు."

నూకరాజు తలెత్తాడు. అమ్మకాలు లేనిది, కొనుగోళ్లు లేనిది, పొగ, గుంపు లేనిది ఈ ఊళ్లో ఏ చోటు ఉందా అని ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత కన్ను చిన్నదయింది.

"ఆరోజు పూర్తిగా సెప్పలేదండి. రాజుగారు మా పొట్లం తిన్నారా, మా తాత కారం కాస్త ఎక్కువేసేశాడండి. నోరు మండిపోయి ఆయన పరిగెత్తుకుంటా ఎళ్లి లాకుల కాడ కాలవలోకి దిగిపోయారండి. నడుం లోతు నీళ్లలో నిలబడి, కడుపునిండా తాగి, అప్పుడన్నారండి ఆ మాట. తిన్నది బండి కాడ. పేరెట్టింది కాలవలో."

"రాజుగారు మంచినీళ్లు అడిగి తెప్పించుకొనలేదా?"

"రాజులు అడగరండి. ఎళ్లి తాగేత్తారు."

కమిషనరు గారు గంప మీంచి లేచి నిలబడ్డారు. "భోజనము ఉపసంఘటన. నామకరణము ప్రధాన సంఘటన. స్థలము ప్రధాన సంఘటనను అనుసరించును," అని తీర్పు చెప్పి, గంప మీద పెట్టి సంతకం చేశారు. రాజధాని నుంచి అనుమతి వచ్చేదాకా ఇంకో తొమ్మిది రోజులు ఓపికపట్టారు. తర్వాత ఇత్తడి బోర్డు ఊడదీసి, లాకుల దగ్గర నడి కాలవలో సిమెంటు దిమ్మె కట్టి దానికి బిగించారు. అక్కడ అమ్మేవాడు లేడు, కొనేవాడు లేడు. గేదెలు మాత్రం వచ్చి దానికి వీపు గోక్కుంటాయి. గేదెల గురించి ఉత్తర్వులో ఏమీ లేదు.

నూకరాజు బండి తన మూలకి తను వచ్చింది. చిట్టెయ్య కొత్త పిడత ఇచ్చాడు.

ఇక్కడితో అయిపోయిందని అందరూ అనుకున్నారు. అయితే నామమూలం ఉన్న ప్రతి ఊరూ ఏటా అదే తిథిన, అదే స్థలంలో, సిబ్బందితో సహా ఉత్సవం జరపాలని ఉత్తర్వు వెనక పేజీలో ఉంది. పుష్యమాసం, తెల్లారగట్ట. కమిషనరు గారు నిబంధన తప్పని మనిషని ముందే చెప్పుకున్నాం.

ఆ రోజు మంచు దుప్పటిలా కమ్ముకుని ఉంది. పరాంకుశరావు గారు, నలభైమంది ఉద్యోగులు, అయిదుగురికి మించి ఒకచోట చేరకుండా విడివిడిగా, నడుం లోతు నీళ్లలో నిలబడ్డారు. దిమ్మెకి దండ వేశారు. ఆయన పదహారు పేజీల ఉపన్యాసం తెచ్చుకున్నారు. మూడో పేజీకి పళ్లు టకటకలాడడం మొదలైంది. అయినా వదల్లేదు. పదహారో పేజీ అయ్యేసరికి ఒడ్డున జనానికి టకటక తప్ప ఇంకేమీ వినపడలేదు. చప్పట్లు మాత్రం బాగా పడ్డాయి.

గట్టెక్కాక అందరూ ఒకరినొకరు పట్టుకుని, తడిబట్టలతో, పొగ ఎక్కడ కనపడితే అక్కడికి నడిచారు. పొగ గడియారస్తంభం మూల మీద కనపడింది. సూరమ్మ అప్పుడే పిడతలో నిప్పులు వేసి విసురుతోంది. చిట్టెయ్య పక్కనే గొంతుక్కూర్చుని చలి కాచుకుంటున్నాడు. కమిషనరు గారు తిన్నగా వచ్చి రెండు చేతులూ పిడత మీద పెట్టారు. కాసేపటికి పెదాల్లో నెత్తురు ఆడింది.

"ఈ పిడత ప్రాణం నిలబెట్టింది," అన్నారు. గ్రాంథికం కూడా చలికి ఎగిరిపోయింది.

చిట్టెయ్య ఆ చేతుల వంకా, పిడత వంకా చూసి, నూకరాజు వైపు తిరిగాడు.

"అయితే రాజుగారు నిజంగానే వొచ్చారన్నమాట. నేను తలెత్తాను గాబట్టి సూశాను," అన్నాడు.

నూకరాజుకి తను ఆడిన అబద్ధం తన ఎదురుగా నిలబడి ఒణుకుతుంటే ఏమనాలో ఏ ఆరో తరగతిలోనూ చెప్పలేదు. ఈలోపు త్రిమూర్తులు తడి చంకలోంచి ఒక పొడి కాయితం బయటికి తీశాడు. కలం మూత పళ్లతో లాగాడు.

"సార్, ఇప్పుడన్నది ఇంకోసారి అనండి," అన్నాడు. "రాసుకుంటాను."

సూరమ్మ విసరడం ఆపి, అతని చేతిలోంచి ఆ కాయితం మెత్తగా లాక్కుంది. వేళ్ల మధ్య ఒక్క తిప్పు తిప్పి పొట్లం చుట్టింది. పిడత పక్కకి జరిపి, దాని నిండా పప్పు పోసి, ఉల్లిపాయ చల్లి, కమిషనరు గారి చేతిలో పెట్టింది.

"తినండి బాబూ," అంది. "కారం తగ్గించాను. మళ్లీ కాలవలోకి ఎల్లిపోకండి."